‘అలాగే బాబూ’ అన్న తరవాత: మెడికల్ వార్డు డిశ్చార్జి ప్రాజెక్టు డైరీ

జూన్ 3

రాత్రి డ్యూటీలో పన్నెండో నంబరు మంచం మీదికి వచ్చిన పెద్దాయనను చూడగానే గుర్తుపట్టాను. తొమ్మిది రోజుల కిందట ఆయన్ని ఇంటికి పంపింది నేనే. గుండె బలహీనత కేసు. వెళ్లేనాటికి వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు, వరండా చివరిదాకా నడిచి వస్తున్నాడు. ఇప్పుడు ముందుకు వంగి కూర్చుని, మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని ఎగశ్వాసతో ఉన్నాడు. కాళ్లు మోకాళ్ల దాకా వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఆక్సిజన్ పెట్టి, నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చాక తెల్లవారుజామున మాట్లాడగలిగాడు.

ఆయన భార్య చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు తీసుకుని టేబుల్ మీద గుమ్మరించాను. ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోవడానికి మేమిచ్చిన నీటి బిళ్ళల షీటులో రెండే ఖాళీలు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చిన అసిక్లోఫెనాక్ షీటు మాత్రం దాదాపు అయిపోయింది. టెల్మిసార్టన్ అనే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో రెండు షీట్లు. ఒకటి మేం రాసింది, ఇంకొకటి అంతకుముందు ప్రైవేటులో రాసింది. రెండూ వేసుకుంటున్నాడు. కవరు అడుగున నాలుగు మడతలు పెట్టిన మా డిశ్చార్జి చీటీ. దాన్ని ఎవరూ విప్పినట్టే లేదు.

"నీటి బిళ్ళ ఎందుకు మానేశావు తాతా?" అని అడిగాను.

"అది ఏసుకుంటే అస్తమానూ లెగాలి బాబూ. తోటలోకి పనికెళ్తే ఎక్కడికెళ్తాను? వాపు తగ్గిపోనాది కదా అని ఆపేశాను."

చీటీ విప్పి చదివాను. నా చేతిరాతే. ఫ్రూసెమైడ్ ఓడీ (నీటి బిళ్ళ రోజుకి ఒకసారి), సాల్ట్ రెస్ట్రిక్షన్, కంటిన్యూ సేమ్, రివ్యూ ఎస్ఓఎస్. అవసరమైతే రమ్మని ఆ చివరి మాటకి అర్థం. ఆ అవసరం ఎలా ఉంటుందో, ఏం కనిపిస్తే రావాలో ఎక్కడా రాయలేదు. వెళ్లే రోజు మందుల గురించి నేను చెప్తున్నంతసేపూ ఆయన "అలాగే బాబూ, అలాగే" అన్నాడు. ఆ మాటనే నేను అర్థమైంది అనే జవాబుగా తీసుకున్నాను. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలవేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, గుండె బలహీనత ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. ఆ ఒక్క మాట ఆ రోజు నేను చెప్పనే లేదు.

జూన్ 6

యూనిట్ చీఫ్‌తో మాట్లాడాను. ముందు మా వార్డు వరకే, మూడు నెలలు. నేను, ఇద్దరు హౌస్ సర్జన్లు, హెడ్ సిస్టర్. గురి ఒక్కటే పెట్టుకున్నాం: ఇంటికి వెళ్లే ప్రతి మనిషీ ఏ మందు ఎందుకో, ఏం కనిపిస్తే పరిగెత్తుకు రావాలో, మళ్లీ ఎప్పుడు రావాలో తన నోటితో చెప్పాకే మంచం దిగాలి.

సాయంత్రం అందరం కూర్చున్నప్పుడు రెండు అధ్యయనాల గురించి చెప్పాను. 2003లో అమెరికాలో ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన 400 మందిని గమనిస్తే 76 మందికి, అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరికి, వైద్యం వల్లే ఏదో ఒక హాని జరిగింది. ఎక్కువ భాగం మందులతో వచ్చిన ఇబ్బందులు. 2009లో బోస్టన్‌లో 749 మందితో చేసిన ప్రాజెక్ట్ రెడ్ అనే అధ్యయనంలో, సగం మందికి ఒక నర్సు దగ్గరుండి డిశ్చార్జి సిద్ధం చేసింది, తరవాత ఫార్మసిస్టు ఫోన్ చేశాడు. నెల లోపల మళ్లీ ఆసుపత్రికి రావడం ఆ సగంలో దాదాపు 30 శాతం తక్కువ.

"వాళ్లకి దానికోసమే నర్సు ఉంది సార్. మనకి రాత్రి ముప్ఫై మంచాలకి ఒక్క సిస్టర్" అంది ఒక హౌస్ సర్జన్. నిజమే. కాబట్టి కొత్త మనిషిని అడక్కుండా, ఉన్నవాళ్లం ఇప్పటికే చేస్తున్న పనిలోనే దీన్ని ఇమిడ్చాలి. ఆ అమ్మాయి మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

జూన్ 11

మూడు రోజులు ఏమీ మార్చకుండా, ఇప్పుడు జరుగుతున్నది జరుగుతున్నట్టు చూశాను.

రౌండ్స్‌లో "ఈయన్ని పంపించెయ్యొచ్చు" అంటాం. అక్కణ్నుంచి అందరికీ తొందరే. హౌస్ సర్జన్ కేసు షీటు చూసి చీటీ రాస్తాడు. అడ్మిషన్ రోజు రాసిన మందు మధ్యలో మార్చి ఉంటే, పాతదే చీటీలోకి దిగిపోయే ప్రమాదం ఇక్కడే. సిస్టర్ మందులిచ్చి "ఇది పొద్దున, ఇది రాత్రి" అంటుంది. అప్పటికే కొడుకు కింద ఆటో మాట్లాడి వచ్చి నిలబడి ఉంటాడు. రోగి చెప్పులు వెతుక్కుంటూ ఉంటాడు. వేళకి అన్నం పెట్టినట్టే మందులు అందించే కోడలు ఇంటి దగ్గర ఉంటుంది. చెప్పాల్సిన మనిషికి కాకుండా, వినే స్థితిలో లేని మనిషికి, వినలేని సమయంలో చెప్తున్నాం. వారం రోజులు వార్డులో ఉన్న మనిషికి అసలు సంగతులు చెప్పడానికి చివరి అయిదు నిమిషాలే మిగిల్చాం.

ఇక నుంచి చెప్పడం రెండో రోజు నుంచే మొదలు. రోజుకో మందు, రోజుకో మాట. ఇంట్లో మందులు చూసేది ఎవరో అడ్మిషన్ రోజే కనుక్కుని, డిశ్చార్జికి ముందు రోజు సాయంత్రం వాళ్లని పిలిపించాలి.

జూన్ 17

చీటీ మొదటి నమూనా తయారైంది. తెలుగులో, ఒకే పేజీ. నాకు బాగానే అనిపించింది. మూడో మంచం మామ్మకి చదువు రాదు, ఆమె మనవరాలు ఏడో తరగతి. ఆ పిల్లతో చదివించాను.

"శ్వాస తీసుకొనుటలో ఇబ్బంది కలిగినచో" దగ్గర పిల్ల ఆగింది. మామ్మ నా వైపు చూసింది. "అంటే ఆయాసం మామ్మా" అన్నాను. "ఆయాసమా, మరి అలా రాయొచ్చు కదా బాబూ" అంది. పక్క మంచం వాళ్లని కూడా కూర్చోబెట్టి, ఆ పేజీ మొత్తం గంటసేపు వాళ్ల చేతే దిద్దించాను. మధుమేహం పోయి సుగర్ వచ్చింది. మూత్రపిండాలు పోయి కిడ్నీలు వచ్చాయి. "ద్రవాలు పరిమితం" అన్నచోట "నీళ్లు, మజ్జిగ, గంజి, టీ అన్నీ కలిపి రోజుకి ఇన్ని గ్లాసులు" అని రాశాం. "ఉప్పు తగ్గించాలి" అంటే అందరూ కూరలో తగ్గిస్తారు, ఎండుచేపా ఆవకాయా మాత్రం లెక్కలోకి రావు. అందుకని ఎండుచేప, ఊరగాయ, అప్పడం అని పేర్లతో సహా రాశాం. ఆయాసం ఎంతో చెప్పడానికి మామ్మ చెప్పిన మాటే పెట్టాం: "నాలుగడుగులేస్తే ఆగాల్సొస్తే, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సొస్తే."

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అనడానికి డాక్టర్లు రాసే 1-0-1 తీసేశాం. పొద్దున్నకి సూర్యుడు, మధ్యాహ్నానికి అన్నం పళ్లెం, రాత్రికి చంద్రుడు బొమ్మలు. బిళ్ళ పేరు పక్కన అది దేనికో రెండు మాటల్లో. దాని కింద, నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన గడి: ‘ఇవి ఆపేశాం, ఇక వేసుకోవద్దు’. మన చీటీల్లో కొత్త మందులు రాస్తాం. ఆపేసినవి మన బుర్రలోనే ఉండిపోతాయి, ఇంట్లో డబ్బాలో మాత్రం అవి అలాగే ఉంటాయి.

జూన్ 24

ఆ డబ్బాలోవి తెప్పించడం ఈ వారం పని. అడ్మిషన్ రోజే చెప్తున్నాం: ఇంట్లో ఉన్న మందులన్నీ, పాత చీటీలన్నీ, తినేవీ పూసుకునేవీ చెట్టు మందులూ అన్నీ ఒక కవరులో వేసి తెమ్మని. హెడ్ సిస్టర్ దీనికి ‘సంచి విప్పుడు’ అని పేరు పెట్టింది. అందరికీ అదే అలవాటైంది.

ఒక్క వారంలో చూసినవి: ఒకే సుగర్ మందు మూడు పేర్లతో. భర్త బీపీ బిళ్ళలు భార్య వేసుకోవడం. రంగు ఒకటే కదా అని థైరాయిడ్ బిళ్ళ బదులు ఇంకొకటి. మా శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వైపు నుంచి వచ్చే వాళ్ల సంచుల్లో నొప్పి మాత్రలు కనిపిస్తే మాకు ఎక్కువ భయం. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదేలు చేసిందో ఈ జిల్లాలో పనిచేసే డాక్టరుకి వేరే చెప్పక్కర్లేదు. జీడితోటల్లో, కొబ్బరి తోటల్లో రోజంతా ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి రాత్రి ఒక నొప్పి మాత్ర వేసుకోవడం తప్పుగా తోచదు. వద్దని చెప్పి వదిలేస్తే ఆ నొప్పి ఎక్కడికీ పోదు. అందుకని పారాసెటమాల్ ఎంత వరకు వాడొచ్చో కూడా చీటీలో రాస్తున్నాం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ విలువ చీటీ పైనే పెద్ద అంకెల్లో వేస్తున్నాం, ఆ చీటీ చూసే ఏ డాక్టరైనా, ఆర్ఎంపీ అయినా మందు రాసేముందు కళ్లబడేలా.

జూలై 2

"అర్థమైందా?" అనే ప్రశ్న వార్డులో నిషేధించాం. ఆ ప్రశ్నకి మన ఊళ్లలో ఒక్కటే జవాబు. పెద్ద చదువులు చదివిన డాక్టరు ఎదురుగా నిలబడి అడుగుతుంటే, అర్థం కాలేదు అనడం మర్యాద కాదనుకుంటారు. దాని బదులు హౌస్ సర్జన్లు ఇలా అడుగుతున్నారు: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఇంటికెళ్లాక మీ కోడలు ‘ఈ బిళ్ళ ఎందుకత్తా?’ అంటే ఏం చెప్తారు?" పరీక్ష రోగికి కాదు, చెప్పిన మాకు. తప్పు చెప్తే మళ్లీ వేరేగా చెప్పి, మళ్లీ అడగాలి.

ఇన్సులిన్ దగ్గర నోటితో చెప్పించడం చాలదని ఈ రోజే తెలిసింది. ఇంతకుముందు రెండుసార్లు సుగర్ పెరిగి అడ్మిట్ అయిన ఒకావిడ, డోసు తప్పకుండా చేసుకుంటున్నానని ఒట్టేసి చెప్తోంది. పొద్దునా రాత్రీ 20. నమ్మాను, కానీ సిరంజి తెమ్మన్నాను. సంచిలోంచి తీసింది. నారింజ రంగు మూత.

ఆసుపత్రిలో ఇచ్చే సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకి. ఆవిడ నారింజ సిరంజిలో 20వ గీత దాకా లాగితే అది మిల్లీలీటరులో అయిదో వంతు, అంటే 40 యూనిట్ల సీసాలోంచి ఎనిమిది యూనిట్లే. నెలల తరబడి 20 అనుకుంటూ ఎనిమిదే చేసుకుంది. మేం "సుగర్ తగ్గట్లేదు, డోసు పెంచుదాం" అని రాస్తూ పోయాం. దీనికి తిరగేసి జరిగితే ఇంకా ఘోరం: 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీతల దాకా లాగితే 50 యూనిట్లు ఒంట్లోకి పోతాయి, మనిషి తెల్లారి లేవకపోవచ్చు. మెడికల్ షాపులో ఎర్ర మూతవి అయిపోయి ఇవి ఇచ్చారట. ఆవిడ తప్పు ఇసుమంత లేదు.

ఇప్పుడు ఇన్సులిన్‌తో ఇంటికి వెళ్లే ప్రతివాళ్లూ మా ముందే సీసాని అరచేతుల మధ్య దొర్లించి, మందు లాగి, పొడుచుకుని చూపించాలి. ఎర్ర మూత బొమ్మ చీటీలో రంగు వేసి అంటిస్తున్నాం. ఫ్రిజ్ ఉందా అని అడుగుతున్నాం. లేకపోతే మట్టికుండలో నీళ్లు పోసి, సీసాని కవరులో చుట్టి గిన్నెలో పెట్టి అందులో ఎలా ఉంచాలో వార్డులోనే ఒక కుండ పెట్టి చూపిస్తున్నాం.

జూలై 9

ఫోన్లు మొదలుపెట్టాం. ఇంటికెళ్లిన రెండో రోజు లేదా మూడో రోజు. మొదటి రోజు ఆరుగురికి చేస్తే ఇద్దరే దొరికారు. ఒక నంబరు ఆటో డ్రైవరుది. ఒకటి అడ్మిషన్ రోజు పక్కన నిలబడ్డ పక్కింటాయనది. ఇంకొకటి మోగి మోగి ఆగిపోయింది. పొద్దున పదకొండింటికి పొలంలో ఉన్న మనిషి ఫోన్ ఎలా ఎత్తుతాడు?

రెండు మార్పులు చేశాం. మంచం దిగకముందే ఆ నంబరుకి మేం రింగ్ ఇచ్చి, ఎవరి జేబులో మోగుతుందో చూస్తున్నాం. ఫోన్లు సాయంత్రం ఏడు దాటాక.

జూలై 16

అడిగేవి నాలుగే: ఎలా ఉంది, ఏ బిళ్ళలు వేసుకున్నారు, ఏవైనా దొరకలేదా, మళ్లీ ఎప్పుడు వస్తున్నారు. రెండోది అడిగేటప్పుడు చీటీ కాకుండా బిళ్ళల షీట్లు చేతిలోకి తీసుకోమంటున్నాం.

ఈ రోజు ఫోన్ ఎత్తింది ఒకావిడ కూతురు. "అమ్మకి నీరసంగా ఉందండి, చెమటలు పడుతున్నాయి, మాట తడబడుతోంది, వయసు కదా" అంది. గ్లిమెపిరైడ్ అనే సుగర్ బిళ్ళ మీద ఉన్న మనిషి, కిడ్నీ కొంచెం దెబ్బతిన్నది. జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉందని రెండు పూటలుగా అన్నం ముట్టలేదట. బిళ్ళలు మాత్రం తప్పకుండా వేశారు, మేమే కదా తప్పకుండా వేయమన్నది. "మింగగలుగుతోందా? అయితే ఇప్పుడే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, ఫోన్ పెట్టొద్దు" అన్నాను. పది నిమిషాలు లైన్‌లోనే ఉన్నాం. వెనక నుంచి "ఎవరే ఫోన్లో?" అన్న ఆవిడ గొంతు వినిపించాక 108కి ఫోన్ చేయించి ఆసుపత్రికి రప్పించాం. ఆ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది, పంచదారతో తేరుకున్నా మళ్లీ పడిపోవచ్చు.

చీటీలో ఆ రాత్రే ఒక వాక్యం చేరింది: "తిండి తినని పూట సుగర్ బిళ్ళ వేసుకోవద్దు, మాకు ఫోన్ చేయండి."

జూలై 24

శనివారం పంపిన కఫం పరీక్ష, ఆదివారం ఇంటికెళ్లిపోయిన రోగి, సోమవారం వచ్చిన టీబీ పాజిటివ్ రిపోర్టు. పాత పద్ధతిలో అయితే అది కేసు షీటుకి గుచ్చుకుని రికార్డు రూముకి వెళ్లిపోయేది. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆసుపత్రి నుంచి వెళ్లేనాటికి 41 శాతం మందికి ఏదో ఒక రిపోర్టు ఇంకా రావాల్సి ఉందని తేలింది. మా దగ్గర దానికో పుస్తకం ఉంది ఇప్పుడు: ‘రావాల్సిన రిపోర్టులు’. పేరు, పరీక్ష, ఎప్పటికి వస్తుంది, చూడాల్సింది ఎవరు. ఆ చివరి గడిలో ‘యూనిట్’ అని రాయనివ్వను, మనిషి పేరే ఉండాలి. అందరిదీ అన్న పని ఎవరిదీ కాకుండా పోతుంది.

ఈ రోగి ఫోన్ స్విచ్చాఫ్. ఆశా కార్యకర్త ద్వారా కబురు పెట్టాల్సి వచ్చింది. అయితే జబ్బు పేరు ఊళ్లో తెలిస్తే వాళ్లింటికి వచ్చే ఇబ్బంది చిన్నది కాదు. "పరీక్ష కాగితం వచ్చింది, డాక్టరు గారు ఒకసారి రమ్మన్నారు" అని మాత్రమే చెప్పమన్నాం. మర్నాడే వచ్చాడు. ఆ రోజే మందులు మొదలయ్యాయి, ఇంట్లో ఉన్న చిన్న పిల్లల్ని చూపించమని చెప్పాం. అప్పటి నుంచి డిశ్చార్జి రోజే అడిగి రాసుకుంటున్నాం: మీ సంగతి ఆశాకి గానీ ఏఎన్‌ఎంకి గానీ చెప్పొచ్చా, ఎంతవరకు చెప్పొచ్చు?

ఆగస్టు 5

ఈ వారం బాధ పెట్టిన సంగతి ఒకటి. కూతురి పెళ్లి ఉందని ఒకాయన న్యుమోనియా పూర్తిగా తగ్గకుండానే వెళ్తానన్నాడు. సంతకం తీసుకుని పంపారు. చీటీ లేదు, మందులు లేవు, ఫోన్ లిస్టులో పేరు లేదు. ‘మాట వినకుండా వెళ్లాడు’ అన్న కోపం అందరిలో ఉంటుంది, నాకూ ఉండేది. కానీ అందరికంటే ప్రమాదంలో ఉన్న మనిషినే మనం వట్టి చేతులతో పంపుతున్నాం. రోగి అడిగితే 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. అతను సంతకం పెట్టినంత మాత్రాన మన బాధ్యతకి చుక్క పడదు. ఇక మీదట వాళ్లకీ అదే చీటీ, అవే మందులు. ఫోను మాత్రం రెండో రోజు దాకా ఆగకుండా మర్నాడే.

ఆగస్టు 19

రివ్యూ ఎస్ఓఎస్ పోయింది. తేదీ, వారం, గది నంబరు రాస్తున్నాం. గుండె బలహీనత వాళ్లకి ఏడు రోజుల్లోపే. 2022లో వచ్చిన స్ట్రాంగ్ హెచ్ఎఫ్ అధ్యయనంలో, ఆరు వారాల్లో నాలుగైదుసార్లు పిలిచి చూస్తూ మందులు త్వరగా పెంచిన వాళ్లలో ఆరు నెలల్లో చనిపోవడం గానీ గుండె ఇబ్బందితో తిరిగి చేరడం గానీ 100కి 15 మందికి జరిగింది. మామూలుగా చూసిన వాళ్లలో 23 మందికి. మాకు అన్నిసార్లు పిలవడం కుదరదు. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని అన్నిసార్లు రమ్మనడమూ న్యాయం కాదు. మధ్యలో బీపీ, బరువు చూడడం వాళ్ల ఊరి విలేజ్ క్లినిక్‌లో అయ్యేలా అక్కడి వాళ్లకి ఒక ఉత్తరం చీటీతో పాటు పంపుతున్నాం. ఏం చూడాలో, ఎంత దాటితే మాకు చెప్పాలో అందులో ఉంటుంది. కొందరు చేస్తున్నారు. కొన్ని ఉత్తరాలు అసలు చేరాయో లేదో తెలియడం లేదు. ఇది ఇంకా తేలాలి.

ఆగస్టు 28

పన్నెండో నంబరు తాత రివ్యూకి వచ్చాడు. జూన్‌లో రెండోసారి వెళ్లినప్పుడు నీటి బిళ్ళ వేళ ఆయనతోనే మాట్లాడి కుదిర్చాం. పనికెళ్లే రోజు తోట నుంచి వచ్చాక, మధ్యాహ్నం రెండింటికి. వేసుకోవడం ముఖ్యం, పొద్దున్నే వేసుకోవాలన్నది మా సౌకర్యం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమన్నాం. ఇంట్లో బరువు తూచే మిషన్ లేదు. ఎలా చూసుకుంటున్నావని అడిగితే చీటీ తీసి వెనక్కి తిప్పి చూపించాడు.

మడతలు నలిగి, కాఫీ మరక పడి, అంచులు చిరిగి ఉంది చీటీ. వెనక పెన్సిలుతో అంకెలు. ధాన్యం తూచే కాటా మీద కొడుకు రోజూ నిలబెట్టి రాశాడట. 54. 54. 54న్నర. 56. ఆ 56 చుట్టూ సున్నా చుట్టి ఉంది.

"ఆ రోజే ఫోన్ చేశాను బాబూ. సిస్టరమ్మ బిళ్ళ ఇంకోటి ఏసుకుని మర్నాడు కనబడమన్నాది" అన్నాడు.

పుస్తకంలో వెతికాను. జూలై 30, రాత్రి 8 గంటల 10 నిమిషాలు, హెడ్ సిస్టర్ చేతిరాత. డ్యూటీ డాక్టరుని అడిగి చెప్పినట్టు కింద సంతకం. మర్నాటి బరువు 55 అని పక్కన రాసి ఉంది.

ఈ హౌస్ సర్జన్ల పోస్టింగు ఆదివారంతో అయిపోతుంది. సోమవారం కొత్త బ్యాచ్. సంచి విప్పుడు, ఎర్ర మూత సిరంజి, కుండ, ఫోన్ పుస్తకం వాళ్లకి ఈ ఇద్దరే దగ్గరుండి చూపిస్తామన్నారు. తాత పాత చీటీని ఫోటో తీసుకుని, కొత్త చీటీ రాసి ఇచ్చాను. వెనక వైపు గళ్లు గీసి ఇవ్వమన్నాడు, గీసిచ్చాను.